సన్ అల్ట్రా 5లోని పాత నీటి లెక్కలు: ఒక టెర్మినల్‌ను సరిచేసిన అనుభవం

నల్గొండలో నీటి నమూనాలను పరీక్షించే ఒక ప్రయోగశాలలో సన్ అల్ట్రా 5 వర్క్‌స్టేషన్ ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది. ఈ రకం యంత్రం 1998లో మార్కెట్లోకి వచ్చింది. ఇక్కడున్నదానిలో నడిచేది సన్ సంస్థ సొంత యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన సొలారిస్ 8. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల్లోని బోరుబావుల నుంచి, చేతిపంపుల నుంచి తెచ్చిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో ఏళ్ల తరబడి ఎక్కించిన వివరాలన్నీ దాని డిస్కులోనే ఉన్నాయి. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణాలు చెబుతాయి. ఏ ఊరి ఏ బావి ఆ హద్దును ఎప్పుడు, ఎంత దాటిందో తెలిపే పాత లెక్కలు ఈ జిల్లాకు ఎంత అవసరమో ఇక్కడ పుట్టిపెరిగినవాళ్లకు విడమరచి చెప్పనవసరం లేదు. ఆ లెక్కలను బయటికి తీసి ఇప్పటి కంప్యూటర్లలో చదవగలిగేలా చేసిపెట్టమని ప్రయోగశాలవారు నన్ను అడిగారు.

డిస్కును విప్పి ఫైళ్లను నేరుగా కాపీ చేసుకుంటే సరిపోయే పని కాదది. వివరాలను ఎక్కించడానికి అప్పట్లో రాయించుకున్న ప్రోగ్రామ్ వాటిని తనదైన పద్ధతిలో, అక్షరాల రూపంలో కాకుండా దాచుకుంటుంది. ఆ ప్రోగ్రామ్ మూలప్రతి ఎవరి దగ్గరా లేదు. కానీ ఆ ప్రోగ్రామ్‌లోనే ఒక సదుపాయం ఉంది: ఊరిని, సంవత్సరాన్ని ఎంచుకుని ఎఫ్8 మీట నొక్కితే ఆ పట్టికను మామూలు అక్షరాల ఫైలుగా రాసిపెడుతుంది. కాబట్టి ప్రోగ్రామ్‌ను తెరిచి, దాని తెరలను సరిగ్గా చూడగలిగి, దాని మీటలను సరిగ్గా నొక్కగలిగితేనే లెక్కలు చేతికొస్తాయి. అడ్డంకి కూడా అక్కడే ఉంది. యంత్రానికి సొంత కీబోర్డు పాడైపోయింది. సన్ కీబోర్డు ప్లగ్గులో 8 పిన్నులు ఉంటాయి, మామూలు పీసీల పీఎస్2 కీబోర్డు ప్లగ్గులో 6 ఉంటాయి. చూపుకు రెండూ ఒకటేలా గుండ్రంగా ఉన్నా ఒకటి మరొకదానిలో పట్టదు.

అయితే సన్ యంత్రాలలో ఒక మంచి ఏర్పాటు ఉంది. కీబోర్డు తగిలించకుండా విద్యుత్తు ఇస్తే, ఓపెన్‌బూట్ అనే ప్రారంభ ప్రోగ్రామ్ ఆ సంగతి గుర్తించి తన మాటలన్నిటినీ 'ఏ' అనే సీరియల్ పోర్టు వైపు మళ్లిస్తుంది. దాని విలువలు: వేగం సెకనుకు 9600 బిట్లు, అక్షరానికి 8 బిట్లు, తప్పులు పట్టే ప్యారిటీ బిట్ లేదు, అక్షరం ముగింపుకు ఒక స్టాప్ బిట్. అంటే ఒక ల్యాప్‌టాప్‌లో టెర్మినల్‌లా (మరో కంప్యూటర్‌కు తెర, కీబోర్డుగా మాత్రమే పనిచేసే పరికరంలా) ప్రవర్తించే ప్రోగ్రామ్ ఒకటి పెట్టుకుని, రెండింటినీ ఒక తీగతో కలిపితే, తెర, కీబోర్డు రెండూ ల్యాప్‌టాపే అవుతుంది. నేను పుట్టీని ఎంచుకున్నాను. దానిలో సీరియల్ కనెక్షన్‌కు మొదటినుంచీ ఉండే విలువలు కూడా ఇవే కావడం కలిసొచ్చింది.

ముందుగా తీగ సంగతి చూడవలసి వచ్చింది. అల్ట్రా 5 వెనుక ఉన్న 'ఏ' సీరియల్ పోర్టు 25 పిన్నులది. ప్యారలల్ పోర్టుకు కూడా 25 పిన్నులే కాబట్టి పక్కనున్న గుర్తు చూసి తగిలించాలి. ల్యాప్‌టాప్ వైపు యూఎస్‌బీ నుంచి 9 పిన్నుల సీరియల్‌కు మార్చే అడాప్టర్ ఉంది. ప్రయోగశాల బీరువాలో 25 నుంచి 9కి వెళ్లే ఒక తీగ దొరికింది కానీ, దాన్ని తగిలిస్తే తెర మీద ఒక్క అక్షరం రాలేదు. ఇలాంటప్పుడు ఏ ముక్క పనిచేస్తోందో విడివిడిగా తేల్చుకోవడం మంచిదని నా నమ్మకం. అందుకని తీగను తీసేసి, అడాప్టర్‌లోని 2, 3 పిన్నులను చిన్న తీగముక్కతో కలిపి పుట్టీలో టైపు చేశాను. టైపు చేసిన అక్షరం వెంటనే తెర మీద కనిపించింది; అంటే పంపిన అక్షరం తిరిగి వస్తోంది, అడాప్టర్, దాని డ్రైవర్ బాగానే ఉన్నాయి. మిగిలింది తీగ ఒక్కటే.

మల్టీమీటర్ పెట్టి చూస్తే కారణం తెలిసింది. అది మోడెమ్‌కు తగిలించే తీగ. 9 పిన్నుల కనెక్టర్‌లో 2వ పిన్ను వినడానికి, 3వది పంపడానికి. 25 పిన్నుల కనెక్టర్‌లో దీనికి తలకిందులుగా 2వది పంపడానికి, 3వది వినడానికి ఉంటాయి. మోడెమ్ తీగలో 2 నుంచి 3కి, 3 నుంచి 2కి కలుపుతారు కాబట్టి, దానితో రెండు కంప్యూటర్లను కలిపితే ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడతారు, ఇద్దరూ ఒకే తీగ మీద వింటారు. మనకు కావలసినది 2 నుంచి 2కి, 3 నుంచి 3కి, భూమి తీగగా 9లోని 5 నుంచి 25లోని 7కి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కనెక్టర్లు కొని తెచ్చి, ఈ మూడు తీగలను మాత్రమే సోల్డర్ చేసుకున్నాను. దాన్ని తగిలించి విద్యుత్తు ఇవ్వగానే యంత్రం తన పేరు, ప్రాసెసర్ వివరాలు చెప్పి, కీబోర్డు లేదన్న సంగతిని కూడా పుట్టీ కిటికీలో రాసింది.

దాని వెంటే, యంత్రం గుర్తింపును దాచుకునే ఐడీప్రామ్‌లోని వివరాలు చెల్లవని మరో వాక్యం వచ్చింది. ఈ వయసు సన్ యంత్రాలలో ఇది ఎదురుచూడవలసిందే. ఎం48టీ59 అనే చిప్పులో గడియారం, నెట్‌వర్క్ చిరునామా, ప్రారంభ ఎంపికలు అన్నీ ఉంటాయి. బ్యాటరీ ఆ చిప్పులోనే మూసి ఉంటుంది కాబట్టి, అది అయిపోతే ఇవన్నీ పోతాయి. యంత్రం ఓకే ప్రాంప్ట్ దగ్గర, అంటే ఓపెన్‌బూట్ మన ఆదేశం కోసం ఎదురుచూసే చోట, ఆగిపోయింది. అక్కడ డిస్కు నుంచి బూట్ కమ్మని ఆదేశం ఇస్తే సొలారిస్ లేచింది. నెట్‌వర్క్ చిరునామాను చేత్తో తిరిగి రాసే పద్ధతి ఉంది కానీ, కరెంటు పోతే అదీ పోతుంది. అందువల్ల నెట్‌వర్క్ ఆలోచన విరమించుకుని పని మొత్తం సీరియల్ తీగ మీదనే కానివ్వాలని నిర్ణయించుకున్నాను. తారీఖును మాత్రం సరిదిద్దాను, ఎందుకంటే ప్రోగ్రామ్ రాసే ప్రతి ఫైలు మీద ఆ రోజు తారీఖు పడుతుంది.

అసలైన చిక్కు లాగిన్ అయ్యాక మొదలైంది. ప్రోగ్రామ్‌ను తెరిస్తే పాత అక్షరాలు చెరిగిపోకుండానే వాటి మీద కొత్త అక్షరాలు పడ్డాయి. ఊరి పేరు ఉండవలసిన చోట సగం ఆదేశం, సగం పట్టిక కలిసిపోయి కనిపించాయి. అడుగు వరుసలో ఏవేవో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి, చివరికి వచ్చినవి మాత్రమే మిగిలాయి. ఎఫ్1 నొక్కితే ప్రోగ్రామ్ వెనుకటి మెనూకు వెళ్లిపోయింది. పైగా అక్కడున్న గడిలో చదరపు బ్రాకెట్టు, 11, ఒక అలగీత (~) తమంతట తామే టైపు అయ్యాయి. ఆ ప్రయోగశాలలో మొదటినుంచీ పనిచేసిన పెద్దాయన నా పక్కనే నిలబడి చూస్తూ, "గిట్ల లేకుండె సార్. పైన ఊరి పేరు, నడుమ లెక్కలు, కింద బటన్ల వరుస సక్కగ ఉంటుండె," అన్నాడు. "ఆ వరుస ఎక్కడిదాకా ఉంటుండె అన్నా, అట్టడుగుననా?" అని అడిగితే, "అట్టడుగుననే సార్, దాని కింద ఇంకేం ఉండకపోతుండె," అని గట్టిగా చెప్పాడు. ఆ జవాబు తర్వాత నాకు చాలా అక్కరకొచ్చింది.

ప్రోగ్రామ్ చెడిపోయిందనో, డిస్కు దెబ్బతిన్నదనో అనుకోవడానికి ఇక్కడ అవకాశం ఎక్కువ. నేను అలా అనుకోలేదు, ఎందుకంటే కనిపించిన లక్షణాలన్నీ తెరకు, మీటలకు సంబంధించినవే, లెక్కలకు సంబంధించినవి కావు. యూనిక్స్‌లో తెర నిండా గీసే ప్రోగ్రామ్‌లు టెర్మినల్‌తో తమంతట తాము మాట్లాడవు. టెర్మ్ అనే పరిసర చరరాశి (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్)లో ఏ పేరు ఉందో చూసి, టెర్మిన్ఫో అనే వివరణల భాండాగారం నుంచి ఆ పేరు గల టెర్మినల్ లక్షణాలను చదివి, తెర చెరపడానికి ఏ సంకేతం పంపాలి, ఎన్ని వరుసలు ఉన్నాయి, ఎఫ్1 నొక్కితే ఏ సంకేతం వస్తుంది అన్నవన్నీ అక్కడి నుంచే తెలుసుకుంటాయి. టెర్మ్ విలువ ఏమిటో చూపించమంటే "సన్" అని వచ్చింది. సొలారిస్ 8లో కన్సోల్ (యంత్రాన్ని నడిపే ముఖ్యమైన తెర, కీబోర్డు) లాగిన్‌ను నడిపే వరుస ఇనిట్‌టాబ్ ఫైలులో ఉంటుంది. అందులో టెర్మినల్ రకం సన్ అనే రాసి ఉంది. కన్సోల్ అంటే సన్ సొంత తెర అని భావించి పెట్టిన విలువ అది. ఇప్పుడు కన్సోల్ సీరియల్ తీగ మీదికి వచ్చింది కానీ, ఆ విలువ మారలేదు.

ఇన్ఫోకంప్ అనే ఆదేశంతో సన్ వివరణను, వీటీ220 అనే పాత టెర్మినల్ వివరణను పక్కపక్కన పెట్టి చదివితే ప్రతి లక్షణానికీ కారణం కనిపించింది. సన్ తెరను చెరపడానికి కంట్రోల్-ఎల్ పంపితే చాలు. వీటీ100 కుటుంబం టెర్మినళ్లు ఆ సంకేతాన్ని కింది వరుసకు దిగమన్న ఆజ్ఞగా తీసుకుంటాయి, పుట్టీ కూడా అలాగే చేస్తుంది. అందుకే తెర చెరగలేదు. పైగా ప్రోగ్రామ్ కర్సర్ పై మూలలో ఉందని అనుకుంటుంటే అది నిజానికి మరో వరుసలో ఉంది. సన్ వివరణ ప్రకారం తెరకు 34 వరుసలు. పుట్టీ కిటికీకి 24. 34వ వరుసకు వెళ్లమన్న ఆజ్ఞ వస్తే 24 వరుసల టెర్మినల్ కర్సర్‌ను చివరి వరుసలోనే ఆపుతుంది. కాబట్టి 24 నుంచి 34 దాకా రావలసినవన్నీ ఒకే వరుసలో పడ్డాయి. బటన్ల వరుస అట్టడుగున ఉండేదన్న పెద్దాయన మాటతో ఇది సరిగ్గా సరిపోయింది. ఇక ఎఫ్1 నొక్కితే ఎస్కేప్, చదరపు బ్రాకెట్టు, 224, జెడ్ వస్తాయని సన్ వివరణ చెబుతుంది; పుట్టీ పంపేది ఎస్కేప్, చదరపు బ్రాకెట్టు, 11, అలగీత. తనకు తెలియని సంకేతం కనుక ప్రోగ్రామ్ అందులోని ఎస్కేప్‌ను వెనక్కి వెళ్లమన్న మీటగా తీసుకుని, మిగతాదాన్ని టైపు చేసిన అక్షరాలుగా గడిలో వేసుకుంది.

నేను వీటీ220ను ఎంచుకోవడానికి కారణం ఉంది. అది 1983లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన నిజమైన టెర్మినల్. 1978 నాటి వీటీ100 పద్ధతికే ఫంక్షన్ మీటలు, మరికొన్ని సదుపాయాలు చేర్చింది. దాని వివరణ సొలారిస్‌లో ఉంది, దాని సంకేతాలు పుట్టీకి తెలుసు. ఇరువైపులా ఒకే పుస్తకం చూసి మాట్లాడే అవకాశం దీనితో కుదురుతుంది. అయితే సొలారిస్ 8లో మన ఆదేశాలను అందుకునే పాత బోర్న్ షెల్‌లో, చరరాశిని ఇతర ప్రోగ్రామ్‌లకు అందించే ఎక్స్‌పోర్ట్ ఆదేశంలోనే విలువ ఇవ్వడం కుదరదు, అది సరైన పేరు కాదని తిప్పికొడుతుంది. ముందు టెర్మ్‌కు వీటీ220 అని విలువ ఇచ్చి, తర్వాత వేరుగా ఎక్స్‌పోర్ట్ చేయాలి.

అలా చేసి ప్రోగ్రామ్‌ను తెరవగానే తెర శుభ్రంగా చెరిగింది, ఊరి పేరు పైన, బటన్ల వరుస అట్టడుగున వచ్చాయి. కానీ పట్టిక చుట్టూ ఉండవలసిన గీతల స్థానంలో ఇంగ్లీషు చిన్న అక్షరాలు వరుసకట్టాయి: పైన మూలకు ఎల్, ఆ తర్వాత క్యూలు, చివర కే, పక్కల నిలువునా ఎక్స్‌లు. వీటీ100 కాలం నుంచీ గీతల కోసం వేరే అక్షరమాల ఒకటి ఉంది. ఎస్కేప్ సంకేతంతో దానికి మారితే, క్యూ అక్షరం అడ్డగీతగా, ఎక్స్ నిలువుగీతగా, ఎల్, కే, ఎం, జే అక్షరాలు నాలుగు మూలలుగా కనిపించాలి. పుట్టీ యూటీఎఫ్-8 అనే అక్షరాల సంకేత పద్ధతిలో ఉన్నప్పుడు ఆ మార్పు సంకేతాన్ని పట్టించుకోదు, అందుకే అక్షరాలు అక్షరాలుగానే మిగిలాయి. ట్రాన్స్‌లేషన్ విభాగంలో అక్షరాల రకాన్ని ఐఎస్ఓ 8859-1కి మార్చితే గీతలు గీతలుగా వచ్చాయి. కొత్త పుట్టీలలో యూటీఎఫ్-8లో ఉంటూనే వీటీ100 గీతలను అనుమతించే ఎంపిక కూడా ఉంది. ఈ యంత్రంలో ఉన్నవన్నీ మామూలు ఇంగ్లీషు అక్షరాలే కనుక నేను మొదటి దారినే ఉంచాను.

మీటల విషయం మాత్రం సగం కుదిరి సగం కుదరలేదు. ఎఫ్6 నుంచి ఎఫ్10 దాకా పనిచేశాయి, అంటే నాకు ముఖ్యమైన ఎఫ్8 కూడా. ఎఫ్1 నుంచి ఎఫ్4 దాకా పనిచేయలేదు. ఊరిని, సంవత్సరాన్ని ఎంచుకునేవి అవే. ఇలా కొన్ని పనిచేసి కొన్ని పనిచేయనప్పుడే ఎక్కువ గందరగోళం కలుగుతుంది. ఊహించడం కంటే చూడటం మేలనుకుని, కనిపించని అక్షరాలను కూడా చూపే ఎంపికతో క్యాట్ ఆదేశాన్ని నడిపి ఒక్కొక్క మీట నొక్కాను. ఎఫ్8కు ఎస్కేప్, చదరపు బ్రాకెట్టు, 19, అలగీత వచ్చాయి, వివరణలో ఉన్నదీ అదే. ఎఫ్1కు మాత్రం వివరణ ఎస్కేప్, ఓ, పీ రావాలంటుంది, పుట్టీ 11 ఉన్న సంకేతాన్ని పంపుతోంది. నిజమైన వీటీ220లో ఎఫ్1 నుంచి ఎఫ్5 దాకా మీటలు టెర్మినల్ సొంత పనులకే కేటాయించినవి, అవతలి కంప్యూటర్‌కు ఏమీ పంపవు. అంకెల మీటల పై వరుసలోని నాలుగు మీటలే ఎస్కేప్, ఓతో మొదలయ్యే సంకేతాలను పంపుతాయి. టెర్మిన్ఫో ఆ నాలుగింటినే ఎఫ్1 నుంచి ఎఫ్4గా లెక్కించింది. పుట్టీలో కీబోర్డు విభాగంలో ఫంక్షన్ మీటల పద్ధతిని ఎక్స్‌టెర్మ్ ఆర్6కు మార్చితే, మొదటి నాలుగు మీటలూ ఆ సంకేతాలనే పంపుతాయి, మిగతావి మారవు. ఆ ఒక్క మార్పుతో మెనూలన్నీ దారికొచ్చాయి.

బ్యాక్‌స్పేస్ సంగతి త్వరగానే తేలింది. ఎస్‌టీటీవై ఆదేశం అన్ని విలువలనూ చూపించినప్పుడు చెరిపే అక్షరం కంట్రోల్-హెచ్ అని ఉంది, పుట్టీ 127 సంఖ్య గల అక్షరాన్ని పంపుతోంది. పుట్టీలోని ఎంపికను మార్చాను. కిటికీ పరిమాణాన్ని మాత్రం ముట్టుకోకూడదని ఇక్కడే చెప్పాలి. నెట్‌వర్క్ మీద నడిచే టెల్నెట్‌లోనూ ఎస్ఎస్‌హెచ్‌లోనూ కిటికీని పెద్దది చేస్తే ఆ కబురు అవతలికి చేరే ఏర్పాటు ఉంది. సీరియల్ తీగ మీద అలాంటిదేదీ లేదు. అందుకని పుట్టీ కిటికీని 80 నిలువు వరుసలు, 24 అడ్డ వరుసల దగ్గర కట్టిపెట్టి, లాగినా సాగకుండా చేశాను. 9600 వేగంలో సెకనుకు 960 అక్షరాలే వస్తాయి కాబట్టి 1920 అక్షరాల నిండు తెర రావడానికి రెండు సెకన్లు పడుతుంది. ఈ నిదానానికి అలవాటుపడి, తెర పూర్తిగా వచ్చాకే తర్వాతి మీట నొక్కడం మంచిది.

తెర కుదిరాక నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టినది మరొకటి. ల్యాప్‌టాప్ నుంచి అడాప్టర్‌ను తీసినప్పుడు వర్క్‌స్టేషన్ మొత్తం ఉన్నపళాన ఆగిపోయి ఓకే ప్రాంప్ట్‌కు వచ్చేది. సీరియల్ తీగ మీద సంకేతం కొంతసేపు అటే నిలిచిపోతే దాన్ని బ్రేక్ అంటారు. సన్ యంత్రం కన్సోల్ మీద బ్రేక్ వస్తే నడుస్తున్న సొలారిస్‌ను ఆపి ఓపెన్‌బూట్ చేతికిస్తుంది. అడాప్టర్‌కు విద్యుత్తు పోయిన క్షణం తీగ మీద జరిగేదీ అలాంటిదే. గో అని టైపు చేస్తే సొలారిస్ ఆగినచోటి నుంచే నడుస్తుంది కాబట్టి లెక్కలకు నష్టం లేదు, కానీ ఆ సంగతి తెలియనివారు కంగారుపడి యంత్రానికి విద్యుత్తు తీసేస్తే పాత డిస్కుకు ప్రమాదం. సొలారిస్ 8లో దీనికి విరుగుడు ఉంది: ఈటీసీ డిఫాల్ట్ కింద ఉన్న కేబీడీ ఫైలులో కీబోర్డ్ అబార్ట్ విలువను ఆల్టర్నేట్‌గా మార్చి, కేబీడీ ఆదేశంతో దాన్ని అమల్లోకి తేవాలి. అప్పటి నుంచి మామూలు బ్రేక్‌ను యంత్రం పట్టించుకోదు; ఎంటర్, అలగీత, కంట్రోల్-బీ వరుసగా నొక్కితేనే ఆగుతుంది. ఎండాకాలం కరెంటు కోతలున్న ఊళ్లో ఈ మార్పు చేయకుండా ఇలాంటి యంత్రంతో పని పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

ఆ తర్వాత ఊరు ఎంచుకోవడం, సంవత్సరం ఎంచుకోవడం, ఎఫ్8 నొక్కడం. ఇందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఓపిక కావాలి. పెద్దాయనే ఆ పనికి కూర్చుని, ఏ మండలంలో ఏ ఊరు ఏ పేరుతో ఎక్కించారో జ్ఞాపకం ఉంచుకుని ఒక్కటీ వదలకుండా తీయించాడు. పేర్లు అప్పట్లో ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా ఎక్కించారు కాబట్టి, ఆయన లేకపోతే సగం ఊళ్లు నాకు దొరికేవి కావు.

ఫైళ్లను ల్యాప్‌టాప్‌కు తేవడానికి కూడా అదే తీగ. ముందు అన్నిటినీ టార్‌తో ఒకటి చేసి, కంప్రెస్‌తో చిన్నది చేసి, యూయూఎన్‌కోడ్‌తో మామూలు అక్షరాల రూపంలోకి మార్చాను, ఎందుకంటే టెర్మినల్ మీదుగా వెళ్లేవి అక్షరాలే అయితే నియంత్రణ సంకేతాలుగా పొరబడే అవకాశం ఉండదు. పుట్టీలో లాగ్ రాయమని చెప్పి, ఆ ఫైలును క్యాట్‌తో తెర మీదికి పంపితే, తెర మీదికి వచ్చినదంతా ల్యాప్‌టాప్‌లో ఫైలుగా చేరింది. యూయూఎన్‌కోడ్ వల్ల పరిమాణం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. ఆ లెక్కన 9600 వేగంలో ఒక మెగాబైటు రావడానికి సుమారు 25 నిమిషాలు. ఇరువైపులా, అవతలివారిని ఆగమనీ మళ్లీ పంపమనీ చెప్పే ఎక్స్‌ఆన్, ఎక్స్‌ఆఫ్ పద్ధతి అమల్లో ఉండాలి, లేకపోతే ల్యాప్‌టాప్ వెనుకబడినప్పుడు అక్షరాలు జారిపోతాయి. ఆ పద్ధతి ఉన్నప్పుడు పొరపాటున కంట్రోల్-ఎస్ తగిలితే తెర బిగుసుకుపోతుంది, కంట్రోల్-క్యూ నొక్కితే కదులుతుంది.

లాగ్ ఫైలులో ముందూ వెనుకా చేరిన ఆదేశాల వరుసలను తీసేసి, ఉబుంటు ఉన్న మరో కంప్యూటర్‌లో తిరిగి విప్పాను. ఫైలులో ఉన్నదాన్ని బట్టి ఒక సరిచూపు అంకెను ఇచ్చే సీకేసమ్ ఆదేశం సొలారిస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకే పద్ధతిలో లెక్కిస్తుంది కాబట్టి, కంప్రెస్ చేసిన ఫైలుకు రెండుచోట్లా వచ్చిన అంకెను పోల్చి చూశాను, రెండూ ఒకటే. అంకె కలిశాక కూడా మర్రిగూడ మండలం పట్టికను ఒకదాన్ని తెరిచి, పెద్దాయన దగ్గరున్న పాత రిజిస్టరుతో వరుస వరుసగా సరిచూశాం.

ఇప్పుడు ఆ యంత్రంలో ప్రోగ్రామ్ నడిపే ఖాతాకు లాగిన్ కాగానే అమలయ్యే ప్రొఫైల్ ఫైలులో ఒక చిన్న షరతు చేర్చి ఉంది: లాగిన్ అయినది కన్సోల్ మీద అయితే టెర్మ్‌ను వీటీ220గా పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తుంది, మరోచోట అయితే ఉన్నదాన్ని ముట్టుకోదు. పుట్టీలో ఎంపికలన్నిటినీ ఒక పేరుతో భద్రపరిచాను కాబట్టి, ఆ పేరు నొక్కితే అన్నీ ఒక్కసారే అమల్లోకి వస్తాయి. సోల్డర్ చేసిన తీగకు పిన్నుల వివరం రాసిన చీటీ కట్టి యంత్రం పక్కనే ఉంచాం. డిస్కు మొత్తానికి ఒక నకలు తీసే పని మిగిలింది; అది సీరియల్ వేగంతో అయ్యేది కాదు కనుక, తగిన బ్యాటరీ ఉన్న చిప్పు దొరికి నెట్‌వర్క్ చిరునామా నిలిచేలా అయ్యాక ఆ పని మొదలుపెడతాం.